గాలిని స్టోరులో జమ చేయవలెను

ఇలా దగ్గరికి జరుగమ్మా. ఇంకాస్త. ఆ ఫోను బోర్లా పెట్టి ఈ చిక్కుడుకాయలు సగం నీ ఒళ్ళో వేసుకో. వీటి ఈనెలు తీయడం అయ్యేలోపు నీకొక సంగతి చెప్తాను. ఎవరో చెప్తే విన్నది కాదు, నా కళ్ళతో చూసింది. నాకు చదువు లేదు, నిజమే. రెండేళ్ళు బడికెళ్ళాను. మూడో ఏడు పంతులు రాలేదు, నేనూ వెళ్ళలేదు. కానీ ఎవరు ఏ వారం ఎక్కడ నిలబడి ఏం మాట్లాడారో అడుగు, వాళ్ళు తొడుక్కున్న చొక్కా రంగుతో సహా చెప్తాను.

ఘాట్ రోడ్డు మొదట్లో సర్కారు బళ్ళు బాగుచేసే షెడ్డు ఉండేది. దాన్లో ఇరవై తొమ్మిదేళ్ళు ఊడ్చాను. ఏ ఆఫీసు జీపుకి, ఏ ఆఫీసు మోటారు సైకిలుకి జబ్బు చేసినా అక్కడికే రావాలి. బయట మెకానిక్కు ఒక్క నట్టు తిప్పినా నేరం. మా మెకానిక్కు పేరు పోలినాయుడు. చెయ్యి మంచిది, నోట్లోంచి అబద్ధం రాదు. ఆ రెండో గుణమే అతని ప్రాణం మీదికి తెచ్చింది. స్టోరు గదికి సన్యాసిరావు గారు. ఆయన జేబులో మూడు పెన్నులుండేవి: నీలం, నలుపు, ఎరుపు. ఎర్రపెన్ను మూత తీసిన చప్పుడైతే షెడ్డులో పిల్లి కూడా కదిలేది కాదు.

ఒక గురువారం పొద్దున్నే చిన్నమ్మలు బండిని నడిపించుకుంటూ వచ్చింది. చిన్నమ్మలంటే సూదిమందు నర్సు. ప్రతి బుధవారం ఐసు పెట్టెలో మందు సీసాలు సర్దుకుని, పెట్టెను మోటారు సైకిలుకి కట్టుకుని, కొండ మీద ఏడూళ్ళు తిరిగి చంటిపిల్లలకి టీకాలు వేసేది. నన్ను మామ్మా అనేది. పోలినాయుణ్ణి బాబాయ్ అనేది. పోలినాయుడు నన్ను అక్క వరసలో అప్పా అనేవాడు.

"ముందు బ్రేకు నొక్కితే ఆయిలు కారిపోతోంది బాబాయ్. నిన్న కొండ దిగుతుంటే మలుపులో ఆగమంటే ఆగలేదు. గేదె అడ్డొచ్చింది కాబట్టి ఆగాను."

"గేదెకి ఏం కాలేదు కదా?"

"దానికేం కాలేదు. నాకేమైందో ఒక్కడూ అడగడేం?"

"నువ్వు మాట్లాడుతున్నావు కదే. గేదె మాట్లాడదు కదా, అందుకని అడిగాను."

మధ్యాహ్నానికల్లా పోలినాయుడు మూడు సామాన్లు మార్చేశాడు. చేతి దగ్గర ఆయిలు పోసే చిన్న డబ్బా ఉంటుంది, దాన్ని మాస్టర్ సిలిండర్ అంటారు. అది ఒకటి. అక్కణ్ణించి చక్రం దాకా దిగే పైపు ఒకటి. చక్రం పక్కనున్న ఇనప పళ్ళేన్ని రెండు వైపులా అదిమిపట్టే ప్యాడ్లు ఇంకొకటి. పాతవి తీసుకెళ్ళి స్టోరు బల్ల మీద పెడితే, సన్యాసిరావు గారు ఒక్కొక్కటీ తిప్పి చూసి రాసుకున్నారు.

ఎందుకంటే గోడ మీద బోర్డు ఉంది. "బండి నుండి తీసిన ప్రతి వస్తువును స్టోరులో జమ చేయవలెను. జమ రసీదు లేనిదే బండి గేటు దాటరాదు." ఆ రూలు మంచిదేనమ్మా. పెట్టక ముందు ఎవడో మహానుభావుడు ఒక జీపు మొత్తాన్ని భోజనం సంచీలో పెట్టుకుని నాలుగు నెలల్లో ఇంటికి చేరేశాడట. ఇంటి దగ్గర మళ్ళీ బిగించుకున్నాడట కూడా. అలాంటి చోట అలాంటి బోర్డు ఉండాల్సిందే.

చిన్నమ్మలు బండెక్కి బ్రేకు నొక్కి చూసింది. లివరు వచ్చి వచ్చి హ్యాండిలుకి అంటుకుంది.

"ఇదేటి బాబాయ్, నానిన అటుకులు పిసికినట్టుంది! ముందు కాస్తయినా పట్టేది."

పోలినాయుడు నవ్వాడు. "కొత్త సామాను వేశాక అలాగే ఉంటుందే. పైపు నిండా గాలి కదా. నువ్వు నొక్కినప్పుడు ఆయిలు తోసుకెళ్ళి ప్యాడ్లని అదమాలి. మధ్యలో గాలి ఉంటే, అది నలిగి ఊరుకుంటుంది, నీ బలం చక్రం దాకా పోదు. కింద చక్రం దగ్గర నిపిలనే చిన్న మర వదులు చేసి ఆ గాలి తీసేస్తే రాయిలా అయిపోతుంది. పావుగంట పని."

పావుగంట అన్నాడు. ఇరవై రోజులు పట్టింది.

ఎందుకంటే పోలినాయుడు ఏ పని చేసినా ముందు కాయితం మీద రాస్తాడు. "పైపులోంచి గాలి తీయవలెను" అని రాశాడు. "సరిచూడవలెను" అని రాసి ఉంటే ఈ కథ ఉండేది కాదు, నువ్వు ఈపాటికి చిక్కుడుకాయలు ముగించేదానివి.

సన్యాసిరావు గారు ఆ కాయితం చూసి ఎర్రపెన్ను మూత తీశారు.

"నాయుడూ, ఏమి తీయవలెను?"

"గాలండి."

"ఎచటి నుండి?"

"బ్రేకు పైపులోంచండి."

"సదరు పైపు ఎవరిది?"

"సర్కారుదండి."

"సర్కారు వారి పైపులో ఉన్న వస్తువు ఎవరిదగును?"

పోలినాయుడు నా వైపు చూశాడు. నేను నా చీపురు వైపు చూసుకున్నాను.

"తీసిన ప్రతి వస్తువును, అని ఉన్నది. గాలి మినహా, అని ఎక్కడైనా ఉన్నదా? చదువు."

పోలినాయుడు బోర్డు దగ్గరికెళ్ళి పై నుంచి కిందికి చదివాడు. వెనక వైపు కూడా తిప్పి చూశాడు. వెనక పాత ఎన్నికల రంగులున్నాయి గాని గాలి సంగతి లేదు.

"అయితే జమ చేస్తాను లెండి" అన్నాడు నవ్వుతూ. లోపం అక్కడే ఉంది. ఆఫీసులో నవ్వుతూ అన్న మాటకీ, మామూలుగా అన్న మాటకీ రాతలో తేడా ఉండదు.

మర్నాడు శుక్రవారం. గాలిని జమ చేసుకోవడానికి సన్యాసిరావు గారు బల్ల, రిజిస్టరు, రసీదు పుస్తకం అన్నీ బండి దగ్గరికే మోయించారు. పోలినాయుడు చక్రం దగ్గర నిపిలుకి లోపలిది పైకి కనిపించే సన్నగొట్టం తొడిగి, దాని కొస ఒక సీసాలో పెట్టాడు. సీసా అడుగున రెండు వేళ్ళ ఎత్తు ఆయిలు పోశాడు, బయటి గాలి వెనక్కి ఎక్కకుండా.

"నొక్కు. ఇంకోసారి. ఇంకోసారి. ఇప్పుడు నొక్కి పట్టు, వదలకు."

చిన్నమ్మలు నొక్కి పట్టింది. అతను నిపిలు పావు చుట్టు తిప్పాడు. గొట్టంలో ఒక బుడగ కిందికి జారింది, సీసాలో ఆయిలు మీదికి తేలింది, బుడుక్కుమంది, పోయింది.

"ఆపండి!" అన్నారు సన్యాసిరావు గారు. "ఏదీ వస్తువు?"

"అదేనండి, వచ్చింది."

"వచ్చినది ఎక్కడున్నది?"

"పోయిందండి. బయటి గాలిలో కలిసిపోయింది."

ఆయన ముఖం చూడాలి నువ్వు. కన్నబిడ్డని తిరునాళ్ళలో పోగొట్టుకున్నవాడిలా అయిపోయారు. "సర్కారు గాలిని బయటి గాలిలో కలిపేశావా? పట్టపగలు? రిజిస్టరు ఎదుట?"

అప్పటికప్పుడు చిన్న కాయితం ముక్కకి జిగురు రాసి నిపిలు మీద అంటించి, దాని మీద ఎర్ర సంతకం పెట్టారు. మిగిలిన గాలైనా దక్కాలి కదా. తర్వాత జిల్లా ఆఫీసుకి ఉత్తరం రాసి, తప్పులున్నాయేమో అని పైకి చదువుకున్నారు: "విషయము: ద్విచక్ర వాహనము ముందు బ్రేకు నందలి గాలి కొంత భాగము కనిపించకుండా పోవుట గురించి."

"మరి నా బుధవారం అండీ?" అంది చిన్నమ్మలు.

"బుధవారం నీదేనమ్మా. బండి మాది."

ఆ కాయితం చింపేస్తానని చిన్నమ్మలు వంగింది. పోలినాయుడు చెయ్యి పట్టుకున్నాడు. "చింపితే దాంతోపాటు నీ ఉద్యోగం, నా ఉద్యోగం చిరుగుతాయే. నాలుగు రోజులాగు."

బుధవారం వచ్చింది. చిన్నమ్మలు ఐసు పెట్టె భుజానికి తగిలించుకుని నడిచి ఎక్కింది. బండి మీదైతే మిట్టమధ్యాహ్నానికి ఏడో ఊరు ముగిసేది. ఐసు మధ్యాహ్నం మూడింటి దాకా ఆగుతుంది. నడిస్తే ఆరో ఊరికే మూడయింది. ఐసు కరిగాక ఆ మందు మందు కాదు, వట్టి నీళ్ళు. వెనక్కి తిరిగొచ్చేసింది. ఏడో ఊరు పేరు ఎగువ గంజిగూడ. అక్కడ పదకొండు మంది చంటిపిల్లలు. తల్లులు చంకనెత్తుకుని బాట మీద నిలబడి చూసి చూసి ఇళ్ళకి పోయారట. పైగా గట్టు అవతల ఏదో ఊళ్ళో తట్టు లేచిందని ఆ వారమే కబురు.

సోమవారం జిల్లా నుంచి విరూపాక్షం గారు జీపులో దిగారు. బళ్ళ మీద పెద్ద అధికారి. గోధుమరంగు చొక్కా. ఏ ముక్క చెప్పినా కళ్ళు మూసుకుని చెప్పేవారు, ఎదురుగా ఉన్న మనిషి కనిపిస్తే ఆ వాక్యం చెడిపోతుందన్నట్టు.

బండి చుట్టూ రెండుసార్లు తిరిగి కళ్ళు మూసుకున్నారు. "ఇది కేవలము గాలికి సంబంధించిన సమస్యగా మనము పరిగణించరాదు. ఇది జవాబుదారీతనమునకు సంబంధించిన సమస్య. నేడు గాలిని పోనిస్తే రేపు ఇంజనును పోనిస్తాము."

"అద్భుతం సార్" అన్నారు సన్యాసిరావు గారు.

"సదరు గాలి ఏ తరగతి క్రిందకు వచ్చును? పనికివచ్చునదా, బాగుచేసిన పనికివచ్చునదా, పనికిరానిదా?"

పోలినాయుడు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "బ్రేకుకి పనికిరాదండి. అందుకే తీస్తున్నాం."

"పనికిరాని వస్తువును జమ చేసిన పిదప ఏమి చేయవలెను?"

"సుత్తితో పగలగొట్టి ఎర్రరంగు వేయవలెను సార్" అన్నారు సన్యాసిరావు గారు. "మరల ఎవరూ వేరొక బండికి బిగించకుండా."

విరూపాక్షం గారు ఒక కన్ను తెరిచారు.

"నాయుడూ, గాలిని పగలగొట్టగలవా?"

"మొన్న బుడగ పగిలినందుకే కదండీ ఇంత గొడవ!"

ఆయన రెండో కన్ను కూడా తెరిచారు. ఆలోచించి, సీసాకే ముందుగా ఎర్రరంగు వేయమన్నారు. వేశాం. వేశాక లోపల ఏముందో కనిపించలేదు. తనిఖీ నిమిత్తం సీసాకి ఇటూ అటూ ఎదురెదురుగా రూపాయి బిళ్ళంత మేర రంగు గీకమన్నారు. గీకాం. ఆ గీకిన కంతలోంచి వాళ్ళిద్దరూ వంతులవారీగా కన్ను పెట్టి చూశారు. అప్పటికి సీసాలో అడుగున ఆయిలు తప్ప ఏమీ లేదులే. ఉన్నా కనిపించదనుకో.

అక్కడితో ఆగేదే. కానీ సన్యాసిరావు గారికి ఆ కంతలోంచి జీపు టైరు కనిపించింది.

"సార్, నాదొక సందేహం. టైర్లలో ఉన్నది కూడా...?"

విరూపాక్షం గారు ఆయన భుజం తట్టారు. సాయంత్రానికి ఉత్తర్వు తయారు. సర్కారు టైర్లలో గాలి సర్కారు సొత్తు. పంక్చరు అయినచో పోయిన గాలికి డ్రైవరు సంజాయిషీ ఇవ్వవలెను. ఇక షెడ్డులో గాలి కొట్టే యంత్రం ఉంది కదా, అది ఇన్నేళ్ళుగా ఊళ్ళో గాలిని ఎవరినీ అడక్కుండా పీల్చి, రసీదు లేకుండా టైర్లలో పోస్తోంది! దానికి తాళం వేశారు. తాళానికి కాయితం అంటించారు. కాయితానికి సంతకం.

మొదటి సంజాయిషీ డ్రైవరు అసిరినాయుడిది. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "సదరు గాలి మామిడితోట మలుపు వద్ద మేకు గుచ్చుకొనగా నాతో చెప్పకుండా వెళ్ళిపోయినది. వెంటపడితిని గాని ఎటు పోయినదీ తెలియరాలేదు. కావున చిత్తగించవలెను." చిత్తగించలేదు. ఎటు పోయినదో దిక్కు రాయమని తిప్పి పంపారు. ఈశాన్యం అని రాశాడు.

వారం తిరక్కముందే ఆరు జీపులు ఇటుకల మీద కూర్చున్నాయి. ఏడోది విరూపాక్షం గారిదే. వెళ్ళబోతుంటే గేటు దగ్గర మేకు దిగింది. ఆయన నిజాయితీ గల మనిషమ్మా, ఆ మాట చెప్పుకోవాలి. తన సంజాయిషీ తానే అడిగారు, తానే రాసుకున్నారు, తృప్తికరముగా లేదని తానే తిప్పికొట్టారు. షెడ్డులోనే మంచం వేయించుకుని, రెండో సంజాయిషీ ఇంకా బాగా రాసే పనిలో పడ్డారు. నేను టీ ఇచ్చేదాన్ని. పాపం, చక్కెర తక్కువ తాగేవారు.

ఈ మధ్యలో రెండో బుధవారం కూడా పోయింది. చిన్నమ్మలు మళ్ళీ నడిచింది. ఈసారి పరిగెత్తింది కూడానట. ఆరో ఊరు దాటి సగం బాట దాకా వెళ్ళి పెట్టె తెరిచి చూస్తే ఐసు ముక్క లేదు. ఎగువ గంజిగూడ మళ్ళీ మిగిలిపోయింది.

మూడో బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి నేను గేటు దగ్గర ఊడుస్తున్నాను. చిన్నమ్మలు వచ్చింది. పెట్టె భుజాన ఉంది, నిండుగా. కాళ్ళకి బొబ్బలు, వాటికి గుడ్డ కట్టుకుంది. నేరుగా వెళ్ళి విరూపాక్షం గారి మంచం ముందు నిలబడింది.

"అయ్యా, గట్టవతల తట్టు నిన్న ఇవతలకొచ్చింది. గంజిగూడకి రెండు కోసుల్లో ఇద్దరు పిల్లలు పడ్డారు. ఇవాళ ఆ పదకొండు మందికీ సూది పడాలి. పెట్టె సర్దేశాను. ఐసు కరుగుతోంది. నా బండి ఇవ్వండి."

ఆయన లేచి కూర్చున్నారు. నిజంగానే బాధపడ్డారు, నేను చూశాను. కళ్ళు మూసుకున్నారు.

"విషయ తీవ్రత దృష్ట్యా ప్రత్యేక పరిగణనతో... వాహనమును ఎక్కుటకు మాత్రమే అనుమతించవచ్చును. ఎక్కునప్పుడు ముందు బ్రేకు అవసరము ఉండదు కదా."

"దిగడానికండీ?"

"దిగుటకు వేరొక దరఖాస్తు పెట్టుకొనవలెను."

చిన్నమ్మలు పెట్టె కింద పెట్టి, దాని పక్కనే నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుని, లోపల చల్లదనం ఎంత మిగిలిందో చూసుకుంటున్నట్టు కూర్చుంది. పోలినాయుడు వెళ్ళి ఆ ఎర్ర సంతకం కాయితం ముందు గొంతుక్కూర్చున్నాడు. చించేసేవాడే. ఇంకో నిమిషమైతే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి.

నాకేమో చేతిలో చీపురు. ఎదురుగా చెత్త. నోరు ఊరుకోదు కదా నాది.

"అయ్యగారూ, చదువు లేని దాన్ని, ఒక్క ముక్క అడగనా?"

"అడుగమ్మా."

"ఆ గాలి పాత పైపులోదా అండీ, కొత్త పైపులోదా?"

"కొత్తదాన్లోదే అప్పా" అన్నాడు పోలినాయుడు. "పాతది ఎప్పుడో తీసేశాం కదా."

"కొత్త పైపు దేంట్లో వచ్చిందండీ?"

"అట్టపెట్టెలో" అన్నారు సన్యాసిరావు గారు.

"ఆ అట్టపెట్టె ఏదండీ? స్టోరులో జమ చేశారా?"

ఆయన నన్ను చూసి జాలిపడ్డారు. "గవరమ్మా, అట్టపెట్టె ప్యాకింగు. ప్యాకింగును జమ చేయరు. అది చెత్త. ఆ రోజే నువ్వు ఊడ్చేశావు కదా."

"పైపుకి తొడిగిన ప్లాస్టిక్ కవరో?"

"అదియూ ప్యాకింగే."

"పైపు రెండు చివర్లా పెట్టిన నల్ల మూతలండీ? అవి కూడా నేనే ఊడ్చినట్టు గుర్తు."

"అవియూ ప్యాకింగే. ఎన్నిసార్లు చెప్పవలెను?"

"మరి బాబూ, ఈ మూతకీ ఆ మూతకీ మధ్య, పైపు లోపల, కంపెనీవాడు ఏం పెట్టి పంపించాడండీ?"

సన్యాసిరావు గారు ఎర్రపెన్ను మూత తీశారు. పెట్టారు.

విరూపాక్షం గారు మాత్రం కళ్ళు మూసుకుని మెల్లగా ఊగడం మొదలుపెట్టారు. "మూతల మధ్య... మూతల మధ్య... అనగా సదరు గాలి వాహనములో అంతర్భాగము కాదు. వాహనము నుండి తీయబడునదియూ కాదు. సరఫరాదారుడు పంపిన ప్యాకింగు సామగ్రిలో ఇంకనూ తొలగించబడక మిగిలియున్న భాగము!" కళ్ళు తెరిచారు. "సన్యాసిరావూ! ప్యాకింగును పారవేయుట ఎవరి విధి?"

"ఊడ్చు మనిషిది సార్."

"ఎన్నడైనా రసీదు అడిగితిమా?"

"ఎన్నడూ అడగలేదు సార్."

"మరి ఇరవై రోజులుగా ప్యాకింగు ఊడ్వక ఈమె ఏమి చేయుచున్నది?"

చూశావా! తప్పు నాదైంది. అవ్వనీ. నేను తలొంచుకుని, "పొరపాటైపోయింది బాబూ, ఇప్పుడే ఊడ్చేస్తాను" అన్నాను. చిన్నమ్మలు అప్పటికే లేచి బండెక్కేసింది.

గాలిని నాకు అప్పగించినట్టు ఒక కాయితం రాశారు. వేలిముద్ర వేయమన్నారు. నాకు సంతకం వచ్చన్నాను. సంతకమైతే పాత సంతకంతో సరిపోల్చవలెను, పాత ఫైలు జిల్లాలో ఉన్నది అన్నారు. సరే అని వేలిముద్రే వేశాను. సన్యాసిరావు గారు తన చేత్తోనే నిపిలు మీది కాయితం ఊడదీశారు. అదీ చెత్తలోకే.

ఇక మొదలైంది. పోలినాయుడు చక్రం దగ్గర, చిన్నమ్మలు లివరు మీద, నేను సీసా పక్కన చీపురూ చేటా పట్టుకుని. ఎందుకంటే పారబోయడం నా చేత్తో జరగాలి, రూలు.

"నొక్కు. నొక్కు. నొక్కి పట్టు." బుడుక్. నేను ఒక ఊపు ఊడ్చాను. "నిపిలు బిగించాను, ఇప్పుడు వదులు. మళ్ళీ నొక్కు." బుడుక్. ఇంకో ఊపు.

"పైన డబ్బాలో ఆయిలు తగ్గితే మళ్ళీ గాలి మింగుతుంది, ఎవరైనా పోస్తూ ఉండండి!" అని అరిచాడు పోలినాయుడు, తల ఎత్తకుండా. ఎవరొచ్చారనుకున్నావు? విరూపాక్షం గారు. గోధుమరంగు చొక్కా చేతులు మడుచుకుని, ఆయిలు డబ్బా పట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, చుక్క కింద పడకుండా పోశారు. ఆ పని ఎంత బాగా చేశారో! ఆయన్ని ఏ షెడ్డులోనో పెట్టి ఉంటే దేశానికి మంచి మెకానిక్కు దొరికేవాడు.

సన్యాసిరావు గారు పక్కన నిలబడి "ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది..." అంటున్నారు.

"ఏమి చేయుచున్నారు?"

"బుడగలు లెక్కించుచున్నాను సార్."

"చెత్తను లెక్కించరాదు!"

ఆయన ఆపేశారు గాని పెదాలు మాత్రం కదుపుతూనే ఉన్నారు.

బుడగలు సన్నబడ్డాయి, ఆవగింజలయ్యాయి, తర్వాత వట్టి ఆయిలే వచ్చింది. "ఇప్పుడు చూడు" అన్నాడు పోలినాయుడు. చిన్నమ్మలు రెండు వేళ్ళతో నొక్కింది. లివరు సగం కూడా రాలేదు, రాయిలా నిలబడిపోయింది. ఆ పిల్ల ముఖంలో నవ్వు ఇరవై రోజులకి అప్పుడు చూశాను. పెట్టె కట్టి, షెడ్డు ముందు ఒక చుట్టు తిప్పి, సన్యాసిరావు గారి బల్లకి జానెడు దూరంలో బ్రేకు కొట్టింది. బండి ముక్కు వంచి ఆగింది. ఆయన బల్లెక్కి ఉన్నారు అప్పటికి.

"జమ రసీదు..." అన్నారు పై నుంచి.

"చెత్తకి రసీదేటండీ!" అని గేటు దాటిపోయింది.

నాలుగింటికి తిరిగొచ్చింది. మేమెవరమూ ఇళ్ళకి పోలేదు. ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, ముందు పోలినాయుడికి వంగి దండం పెట్టింది, తర్వాత నన్ను వాటేసుకుంది. చేతి మీద పళ్ళ గాట్లున్నాయి.

"పదకొండు మందికీ పడింది మామ్మా. పదకొండో వాడు కరిచాడు. వాడికి పళ్ళొచ్చేశాయి, మనం ఆలస్యం చేసేసరికి."

నెల తిరిగేసరికి తట్టు ఎగువ గంజిగూడ దాకా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగింది. ఆ పదకొండు మందిలో ఒక్కరికీ ఒంటి మీద పొక్కు లేవలేదు.

టైర్ల సంగతి అంటావా? టైర్లలో గాలి కంపెనీ పంపింది కాదు, మన యంత్రం కొట్టింది, కాబట్టి అది ప్యాకింగు కాదని తేల్చారు. ఆ ఫైలు నేను పని మానేసే నాటికి కూడా నడుస్తూనే ఉంది. జీపులు మాత్రం నడవలేదు. విరూపాక్షం గారు బస్సెక్కి వెళ్ళిపోయారు. వెళ్ళి ఒక ఉత్తర్వు పంపారు, అచ్చు వేయించి: "ఇకపై కొత్త బ్రేకు సామాను అమర్చిన ప్రతి సందర్భమున, ఊడ్చు మనిషి చీపురు సహితముగా హాజరు కావలెను." అలాగే అయ్యాను. తొమ్మిదేళ్ళు, ఎవరి బ్రేకులో గాలి తీసినా పక్కన నిలబడి ఊడ్చాను. శ్రద్ధగానే ఊడ్చాను.

ఇదీ సంగతి. ఆ షెడ్డు లేదిప్పుడు, పోలినాయుడు లేడు, నేనెన్నాళ్ళుంటానో. నువ్వు గుర్తుపెట్టుకోవాలి తల్లీ. నీ పిల్లలకి చెప్పు, నీ ఆఫీసులో వాళ్ళకి చెప్పు. చెప్పేటప్పుడు నీకు తోచినట్టు మార్చుకో, నాకేం పట్టింపు లేదు. గేదెని ఆవు చెయ్యి, నా పేరు తీసేయి, బుడగలు వందన్నా పర్లేదు. పిల్లలు మాత్రం పదకొండు మంది. అది తప్పు చెప్పకు. ఏదీ, ఒకసారి నాతో అను, ఎంతమంది?